ధర్నాను లైవ్ ఇవ్వడం ఎలా? చిన్న ఇంటర్నెట్ ఛానళ్లకు సమగ్ర మార్గదర్శి

స్పాట్‌కి వెళ్లాక లైన్ ఆగిపోతోంది. మాట వినపడటం లేదు. లాఠీచార్జ్ మొదలైతే ఏం చేయాలో తోచడం లేదు. జిల్లాల్లో యూట్యూబ్ ఛానళ్లు నడుపుతున్నవాళ్లు పదే పదే అడిగేవి ఇవే. ఓబీ వ్యాన్లు, బ్యాక్‌ప్యాక్ యూనిట్లు ఉన్న శాటిలైట్ ఛానళ్లకు ఈ మార్గదర్శి అక్కర్లేదు. ముగ్గురు నలుగురు మనుషులు, రెండు ఫోన్లు, ఆఫీసులో ఒక ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ల కోసం ఇది.

ఒక్క సంగతి ముందే చెప్పాలి, మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. లైవ్ కట్ చేసే అధికారం డెస్క్‌లో కూర్చున్న మనిషి చేతిలో ఉండాలి. గుంపు మధ్యలో ఉన్న రిపోర్టర్‌కి ఎదురుగా పది అడుగులే కనపడతాయి, చెవుల్లో నినాదాలు హోరెత్తుతుంటాయి. ఏది చూపించాలో ఏది ఆపాలో ఆ స్థితిలో తేల్చుకోవడం కష్టం. డెస్క్ లేకుండా ఫోన్ తీసి నేరుగా లైవ్ నొక్కేసే పద్ధతి చిన్న సభలకు సరిపోతుంది గానీ, పోలీసులూ జనమూ ఎదురుపడే చోట పనికిరాదు.

1. ఎవరి పని ఏమిటో ముందే పంచుకోండి

నలుగురుంటే పని సాఫీగా సాగుతుంది:

- రిపోర్టర్: మాట్లాడటం, బైట్లు (అక్కడున్నవాళ్ల మాటలు) తీసుకోవడం. కెమెరా ముట్టుకోకూడదు.
- కెమెరా: ఫోన్, మైకు, నెట్ పెట్టె అన్నీ ఈ మనిషి బాధ్యత.
- తోడు: కెమెరా వెనకాల నిలబడి చుట్టూ చూసే మనిషి. రాయి వస్తోందా, వ్యాన్ వస్తోందా, వెనక గేటు తెరిచి ఉందా అని చూడటమే పని. కెమెరామన్ కళ్లు తెరకే అతుక్కుని ఉంటాయి కాబట్టి, భుజం తట్టి పక్కకు లాగేది ఈ మనిషే.
- డెస్క్: ఆఫీసులో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఫీడ్ (స్పాట్ నుంచి వచ్చే వీడియో) అందుకోవడం, స్క్రోలింగ్ వేయడం, కామెంట్లు చూడటం, అవసరమైతే కట్ చేయడం.

ముగ్గురే ఉంటే రిపోర్టర్ పని కెమెరా మనిషికి ఇవ్వండి. తోడును మాత్రం తీసేయొద్దు. చాలా ఛానళ్లు మొదట కోసేది ఆ మనిషినే. దెబ్బలు తగిలేది, ఫోన్లు పోయేది కూడా ఎక్కువగా అలాంటి చోట్లే.

డెస్క్ "కట్" అంటే కట్. స్పాట్ నుంచి ఎదురు ప్రశ్న ఉండకూడదు. వాదన ఉంటే ఆఫీసుకొచ్చాక పెట్టుకోవచ్చు.

2. ముందు రోజు చేయాల్సినవి

కొత్త ఛానల్ అయితే మొదట యూట్యూబ్ సంగతి చూసుకోండి. ఫోన్ నంబరుతో ఛానల్ వెరిఫై అయి ఉండాలి. మొదటిసారి లైవ్ ఆన్ చేస్తే అది పనిచేయడానికి 24 గంటల దాకా పట్టొచ్చు. ఫోన్ యాప్ నుంచి లైవ్ ఇవ్వాలంటే కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు కావాలి. ధర్నా రోజు పొద్దున ఇవి గుర్తొస్తే చేయగలిగింది ఏమీ ఉండదు.

తర్వాత స్థలం. హైదరాబాద్ ఇందిరా పార్కు ధర్నా చౌక్ అయినా, విజయవాడ అలంకార్ సెంటర్ దగ్గరి ధర్నా చౌక్ అయినా, మీ జిల్లా కలెక్టరేట్ గేటు అయినా ఒకసారి నడిచి చూడండి. వేదిక ఎటు పెడతారు, పోలీసులు మామూలుగా బారికేడ్లు ఎక్కడ వేస్తారు, డీసీఎంలు (అరెస్టు చేసినవాళ్లను ఎక్కించే వ్యాన్లు) ఎక్కడ ఆపుతారు, పక్క సందులు ఎటు వెళ్తాయి అన్నవి నోట్ చేసుకోండి. బయటికి పోయే దారులు రెండు గుర్తుపెట్టుకోండి. అందులో ఒకటి బండి పట్టని సందు అయితే మంచిది.

రోడ్డు కనిపించే మేడ ఏదైనా ఉంటే యజమానితో మాట్లాడి పెట్టుకోండి. టీకొట్టు మీది గది, ట్యుటోరియల్ సెంటర్ వరండా, తెలిసినవాళ్ల ఫ్లాట్ బాల్కనీ, ఏదైనా సరే. పై నుంచి ఒక వైడ్ షాట్ దొరకడమే కాదు, ఆ ఇంటి బ్రాడ్‌బ్యాండ్ వాడుకోనిస్తే సగం టెన్షన్ అక్కడే తీరిపోతుంది.

నిరసన పిలిచినవాళ్లకు, స్థానిక స్టేషన్‌కు మీరు వస్తున్నట్టు చెప్పండి. అనుమతి ఉందా, ఎన్ని గంటల వరకు, ర్యాలీ ఉందా లేక కూర్చునే ధర్నాయేనా అని అడగండి. "చలో" పిలుపు అయితే ముందస్తు అరెస్టులు, గృహ నిర్బంధాలు తెల్లవారుజాము నుంచే మొదలవుతాయి. అసలు వార్త ధర్నా చౌక్‌లో కాకుండా నాయకుల ఇళ్ల ముందు, టోల్ గేట్ల దగ్గర ఉండే అవకాశం ఎక్కువ. ఉన్నవాళ్లందరినీ ఒకే చోటికి పంపకండి.

ఆ ప్రాంతంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 163 కింద ఆంక్షలు ఉన్నాయేమో కనుక్కోండి. పాత 144 సెక్షనే ఇది, 2024 జూలై 1 నుంచి నంబరు మారింది. మెడలో ఛానల్ ఐడీ వేసుకున్నంత మాత్రాన ఆ ఆంక్షల నుంచి మినహాయింపు దానంతట అది రాదు.

3. నెట్ సంగతి

లైన్ ఆగిపోవడానికి మామూలు కారణం ఫోన్ కాదు, టవర్. వెయ్యి మంది ఒకే చోట చేరి వీడియోలు పంపుతుంటే అప్‌లోడ్ వేగం పడిపోతుంది. ముందు రోజు ఖాళీ రోడ్డు మీద స్పీడ్ టెస్ట్ చేసి 20 ఎంబీపీఎస్ వచ్చిందని సంబరపడితే మర్నాడు 2 కూడా రాదు. టెస్ట్ జనం వచ్చాక చేయాలి. చూడాల్సింది అప్‌లోడ్ అంకె, డౌన్‌లోడ్ కాదు.

ఎంత అప్‌లోడ్ వస్తే అందులో సగానికి బిట్‌రేట్ (వీడియో సెకనుకు పంపే డేటా) పెట్టుకోండి. 720పీ, సెకనుకు 30 ఫ్రేములు, 2.5 నుంచి 4 ఎంబీపీఎస్: వీధి వార్తకు ఇది చాలు. 1080పీ కోసం పాకులాడి ప్రతి రెండు నిమిషాలకు చక్రం తిరిగే లైవ్ ఇవ్వడం కంటే, 480పీలో ఆగకుండా నడిచే లైవ్ వెయ్యి రెట్లు మేలు. యాప్ సెట్టింగుల్లో కీఫ్రేమ్ విరామం (పూర్తి బొమ్మ ఎన్ని సెకన్లకోసారి పంపాలో) 2 సెకన్లు పెట్టండి.

డేటా లెక్క చాలామంది వేసుకోరు. 4 ఎంబీపీఎస్‌తో గంట లైవ్‌కు సుమారు 1.8 జీబీ అవుతుంది. రోజుకు 2 జీబీ ప్యాక్ ఉన్న సిమ్‌తో గంట దాటేసరికి కోటా అయిపోతుంది, వేగం పడిపోతుంది, లైవ్ చచ్చిపోతుంది. అన్‌లిమిటెడ్ 5జీ ఉందిలే అనుకుంటారు. సిగ్నల్ 4జీలోకి జారిందంటే ఆ డేటా రోజు కోటాలోంచే పోతుంది. బయలుదేరే ముందే డేటా యాడ్-ఆన్ వేసుకోండి.

నెట్ ఇలా కట్టుకోండి:

- రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు, రెండు వేర్వేరు పరికరాల్లో. ఒకటి చిన్న రౌటర్ లేదా డాంగిల్, రెండోది హాట్‌స్పాట్ ఫోన్. జియో రెండు సిమ్‌లు పెట్టుకుంటే టవర్ ఒకటే, ఉపయోగం లేదు.
- లైవ్ వెళ్లే ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి వైఫై మాత్రం ఆన్ చేయండి. లేదంటే ఎవరో ఒకరు కాల్ చేస్తారు, ఆడియో పోతుంది.
- హాట్‌స్పాట్‌ను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి. 2.4లో పెడితే చవక వైర్‌లెస్ మైకులతో గొడవ పడుతుంది.
- రౌటర్‌ను బ్యాగులో అడుగున పెట్టకండి. తోడు మనిషి బ్యాగు పై జేబులో ఉంటే సిగ్నల్ తేడా కనపడుతుంది.

రెండు మూడు కనెక్షన్లను కలిపి ఒకటిగా వాడే బాండింగ్ యాప్‌లు ఉన్నాయి. నెలకు కొంత చెల్లించాలి. వారానికి ఒకసారైనా వీధి లైవ్ ఇచ్చే ఛానల్ అయితే పెట్టుకోదగ్గ ఖర్చే.

4. బొమ్మ కంటే ముందు సౌండ్

బొమ్మ మసకగా ఉన్నా జనం చూస్తారు. మాట వినపడకపోతే పది సెకన్లలో వెళ్లిపోతారు.

మన ధర్నాల్లో డప్పులు, డీజే బాక్సులు, కోన్ మైకు మూడూ ఒకేసారి మోగుతాయి. ఫోన్ మైకు వీటి ముందు చేతులెత్తేస్తుంది. కాలర్ మైకు కూడా చుట్టుపక్కల రొదనంతా లాగేస్తుంది. రిపోర్టర్ చేతిలో డైనమిక్ హ్యాండ్ మైకు ఉండాలి, నోటికి నాలుగు వేళ్ల దూరంలో. వైరుదే అయితే ఇంకా మంచిది. వైర్‌లెస్ వాడినా బ్యాగులో ఒక వైరు మైకు, ఫోన్‌కు తగిన కన్వర్టర్ ఉండి తీరాలి.

వేదిక మీది ప్రసంగం కావాలంటే సౌండ్ సిస్టమ్ అబ్బాయిని పట్టుకోండి. నాయకుడి కంటే అతనితో పరిచయమే మీకు ఎక్కువ పనికొస్తుంది. అతని మిక్సర్ నుంచి లైన్ అవుట్ (నేరుగా వైరు ద్వారా వచ్చే శబ్దం) తీసుకుని చిన్న రికార్డర్‌కు గానీ, రెండో ఫోన్‌కు గానీ పెట్టుకుంటే ప్రసంగం గాజులా వస్తుంది. సభ మొదలు కావడానికి గంట ముందు అడిగితే సరేనంటాడు. నాయకుడు మైకు పట్టుకున్నాక అడిగితే కసురుకుంటాడు.

పాటలతో జాగ్రత్త. విరామంలో డీజేలో సినిమా పాట వేస్తే యూట్యూబ్ కాపీరైట్ వ్యవస్థ పసిగట్టి లైవ్ స్థానంలో ఖాళీ బొమ్మ పెట్టవచ్చు, లైవ్‌ను ఆపేయనూ వచ్చు. ఆడియో కంపెనీలు విడుదల చేసిన ఉద్యమ పాటలకూ ఇదే బెడద. పాట మొదలవగానే డెస్క్ ఆ ఆడియోను తగ్గించి రిపోర్టర్ మాట పెంచాలి, లేదా డెస్క్ నుంచే మాట్లాడాలి.

5. డెస్క్ ఏర్పాటు, 15 సెకన్ల ఆలస్యం

ఫోన్ నుంచి నేరుగా యూట్యూబ్‌కు పంపకండి. ఫోన్‌లో లారిక్స్ లాంటి లైవ్ పంపే యాప్ పెట్టుకుని ఎస్‌ఆర్‌టీ (నెట్ మీద వీడియో పంపే ఒక పద్ధతి) ద్వారా ఆఫీసు ల్యాప్‌టాప్‌కు పంపండి. అక్కడ ఓబీఎస్ అనే ప్రసార సాఫ్ట్‌వేర్‌లో మీడియా సోర్స్‌గా తీసుకుని, లోగో, స్క్రోలింగ్ వేసి యూట్యూబ్‌కు వదలండి. లైన్ తడబడినా ఎస్‌ఆర్‌టీ కొంత వరకు సర్దుకుంటుంది. ఇంకా ముఖ్యంగా, స్పాట్ లైన్ తెగినా ప్రేక్షకుడికి లైవ్ తెగదు. డెస్క్ వేరే బొమ్మ వేసి నడిపిస్తుంది.

ఓబీఎస్‌లో కనీసం నాలుగు సీన్లు సిద్ధంగా ఉండాలి:

- స్పాట్ ఫీడ్
- మేడ మీది వైడ్ షాట్, ఉంటే
- ఫోనో: స్థలం ఫోటో, రిపోర్టర్ ఫోటో, ఫోన్ ఆడియో
- ఆపద్ధర్మం: ఛానల్ లోగో, "కాసేపట్లో మళ్లీ" అన్న వాక్యం, ఆడియో సున్నా

ఇక ఆలస్యం. కలెక్టరేట్ల దగ్గర సోమవారం ప్రజావాణికి పెట్రోలు సీసాతోనో, పురుగుల మందు డబ్బాతోనో వచ్చినవాళ్ల వార్తలు చూస్తూనే ఉంటాం. అలాంటి క్షణం ఆలస్యం లేని లైవ్‌లో ఇళ్లలోకి వెళ్లిపోయాక చేయగలిగింది ఏమీ లేదు.

దీన్ని చాలామంది తప్పుగా పెడతారు. ఓబీఎస్ అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో కనిపించే స్ట్రీమ్ డిలే ఆన్ చేసి, అంతా భద్రం అనుకుంటారు. అది బయటికి వెళ్లే మొత్తం ప్రసారాన్ని ఆలస్యం చేస్తుంది. అంటే మీరు ఆపద్ధర్మం సీన్ నొక్కినా ఆ నొక్కడం కూడా 15 సెకన్ల తర్వాతే ప్రేక్షకుడికి చేరుతుంది. అప్పటికే దారిలో ఉన్న దృశ్యం వెళ్లిపోతూనే ఉంటుంది. స్ట్రీమింగ్ మొత్తం ఆపి, ఆలస్యంలో ఉన్నదాన్ని పారేయడం తప్ప దారి ఉండదు.

సరైన పద్ధతి: ఆలస్యం లోపలికి వచ్చే ఫీడ్‌కు పెట్టాలి.

- స్పాట్ సోర్స్‌కు ఫిల్టర్లలో వీడియో డిలే అసింక్ వేసి 15,000 మిల్లీ సెకన్లు ఇవ్వండి.
- ఆ ఫిల్టర్ ఆడియోను కదపదు. అందుకని అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్‌లో అదే సోర్స్‌కు సింక్ ఆఫ్‌సెట్ కూడా 15,000 ఇవ్వండి.
- డెస్క్ మనిషి ఆలస్యం లేని బొమ్మను విడిగా చూడాలి. రెండో పరికరంలో గానీ, స్పాట్‌తో నడుస్తున్న వీడియో కాల్‌లో గానీ.

ఇప్పుడు సీన్ మారిస్తే వెంటనే మారుతుంది. ఏం జరగబోతోందో డెస్క్‌కు 15 సెకన్ల ముందే తెలుస్తుంది. ఇంట్లో ఒకరిని కెమెరా ముందు చప్పట్లు కొట్టమని, చేతులకూ శబ్దానికీ పొంతన కుదిరిందో లేదో చూసుకోండి.

కామెంట్లకు స్లో మోడ్ పెట్టండి. కులం పేరుతో తిట్లు, ఫోన్ నంబర్లు, "ఫలానా వాడి ఇల్లు ఇక్కడే" లాంటివి ఆపడానికి మాటల జాబితా ముందే వేసుకోండి. తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే తెలుగులో ఒకసారి. రెండోది మరిచిపోతే జాబితా దండగ.

6. బయలుదేరే ముందు చెక్‌లిస్టు

- లైవ్ ఫోన్, బ్యాకప్ ఫోన్: రెండూ 100 శాతం చార్జ్, కనీసం 20 జీబీ ఖాళీ
- 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ ఒకటి, వైర్లు రెండేసి
- వైరు మైకు, కన్వర్టర్, గాలి చప్పుడు ఆపే స్పాంజ్
- రెండు కంపెనీల సిమ్‌లు, డేటా యాడ్-ఆన్ వేసినవి
- ఛానల్ ఐడీ కార్డు, ఉంటే అక్రెడిటేషన్ కార్డు, ఆధార్ జిరాక్సు
- లాయర్ నంబరు, డెస్క్ నంబరు కాగితం మీద. ఫోన్ లాగేసుకుంటే కంఠస్థం లేని నంబరు ఎందుకూ పనికిరాదు
- నీళ్లు, గ్లూకోజ్ లేదా మజ్జిగ ప్యాకెట్లు, నూలు తువ్వాలు
- హెల్మెట్. బండి హెల్మెట్ అయినా సరే
- బూట్లు. చెప్పులతో రావొద్దు
- కాంటాక్ట్ లెన్సులు తీసేసి కళ్లద్దాలు
- ఏ పార్టీ కండువా రంగూ కాని చొక్కా. పోలీసు ఖాకీకి దగ్గరగా ఉండేదీ వద్దు

ఎండాకాలం అయితే ఫోన్ వేడెక్కి తెర మసకబారుతుంది, చార్జింగ్ ఆగుతుంది, చివరికి యాప్ మూసుకుపోతుంది. కవర్ తీసేయండి. గొడుగు నీడలో పట్టుకోండి. తెర వెలుతురు తగ్గించండి. గంటకోసారి రెండో ఫోన్‌కు మారండి. చల్లబడుతుందని ఐస్ గడ్డ మీద పెట్టేవాళ్లున్నారు, లోపల చెమ్మ చేరి ఫోన్ పోతుంది.

7. ఎక్కడ నిలబడాలి

జనానికీ పోలీసులకూ మధ్య ఉండే ఖాళీ స్థలం కెమెరాకు చాలా బాగుంటుంది. అక్కడ నిలబడకూడదు. తోపులాట మొదలయ్యేదీ, లాఠీ పడేదీ అక్కడే.

రెండు వర్గాలూ కనిపించేలా పక్కన, గోడకు లేదా కరెంటు స్తంభానికి దగ్గరగా, మీరు గుర్తుపెట్టుకున్న సందుకు 20 అడుగుల లోపు నిలబడండి. వీపు వెనక మూసిన షట్టర్ ఉంటే ఇరుక్కుపోతారు. ముళ్లకంచె చుట్టలు వేసిన వైపు అసలు వద్దు. పోలీసు వరుస వెనక నుంచి తీస్తే రాళ్లు మీ మీదికి వస్తాయి, పైగా నిరసనకారులు మిమ్మల్ని అటువైపు మనిషిగానే చూస్తారు.

ర్యాలీ కదులుతుంటే దాని ముందు వెనక్కి నడుస్తూ తీయడం మనవాళ్లకు అలవాటు. అలాంటప్పుడు తోడు మనిషి మీ బెల్టు పట్టుకుని నడిపించాలి. డివైడర్లు, తెరిచిన మ్యాన్‌హోళ్లు కెమెరాలో కనపడవు.

మొదటి రెండు నిమిషాలు వైడ్ షాట్ ఇవ్వండి. ఎక్కడ, ఎంతమంది, ఎటు తిరిగి ఉన్నారు అన్నది ప్రేక్షకుడికి తెలిసిపోతుంది. ప్రతి పదిహేను నిమిషాలకు మళ్లీ వైడ్‌కు రండి. దగ్గరి షాట్లే ఇస్తూ పోతే ఇరవై మంది తోపులాట ఊరంతా అట్టుడుకుతున్నట్టు కనపడుతుంది.

8. ఏం మాట్లాడాలి

"ఇక్కడ తీవ్ర ఉద్రిక్త వాతావరణం నెలకొంది, భారీగా పోలీసులు మోహరించారు." ఈ వాక్యంలో సమాచారం ఏమీ లేదు. దానికి బదులు కళ్లకు కనపడేది చెప్పండి: "గేటు ముందు రెండు వరుసల బారికేడ్లు వేశారు. మహిళా కానిస్టేబుళ్లు ముందు వరుసలో ఉన్నారు. మూడు డీసీఎంలు ఇప్పుడే వచ్చి ఆగాయి, ఇంకా ఎవరినీ ఎక్కించలేదు." రెండోది విన్నవాడికి అక్కడేం జరుగుతోందో తెలుస్తుంది. మాట తడుముకున్నప్పుడల్లా "ఏదైతే ఉందో" అనే అలవాటును డెస్క్ టాక్‌బ్యాక్‌లో (రిపోర్టర్ చెవిలో వినపడే లైన్‌లో) గుర్తు చేస్తూ ఉంటే నెలలో పోతుంది.

లైవ్ మధ్యలో చేరేవాళ్లే ఎక్కువ. అందుకని పది నిమిషాలకోసారి మళ్లీ మొదటి నుంచి మూడు వాక్యాల్లో చెప్పాలి: ఎవరు, ఏ డిమాండ్ మీద, ఇప్పటివరకు ఏమైంది.

చూడనిది చెప్పాల్సి వస్తే ఎవరు చెప్పారో కూడా చెప్పండి. "ఒకరు స్పృహ తప్పారని పక్కనున్నవాళ్లు అంటున్నారు, మేం చూడలేదు." మరణాలు, గాయాల సంఖ్యలు మాత్రం ఆస్పత్రి నుంచో అధికారుల నుంచో డెస్క్ ఖాయం చేసుకున్నాకే. డెస్క్ చెప్పేదాకా రిపోర్టర్ నోట ఆ అంకె రాకూడదు.

బైట్ తీసుకునేటప్పుడు "చెప్పండమ్మా, మీకెలా అనిపిస్తోంది?" అని మైకు పెట్టొద్దు. "ఎన్నేళ్లుగా పనిచేస్తున్నారమ్మా? చివరి జీతం ఎప్పుడొచ్చింది?" అని అడగండి. జవాబు దానంతట అదే వస్తుంది. నిరసనకారుడి ఆరోపణలో ఒక వ్యక్తి పేరు ఉంటే అది ఆరోపణ అని వెంటనే చెప్పి, అవతలి వాళ్లను డెస్క్ నుంచి ఫోన్‌లో పట్టుకునే ప్రయత్నం చేయండి.

జనం లెక్కకు ఒక పద్ధతి ఉంది. నిర్వాహకులు పది వేలంటారు, పోలీసులు ఎనిమిది వందలంటారు. 1960లలో బర్క్‌లీలో జర్నలిజం పాఠాలు చెప్పిన హెర్బర్ట్ జేకబ్స్ దీనికి సులువైన లెక్క చెప్పారు. చేయి చాచేంత ఎడంతో నిలబడితే మనిషికి 10 చదరపు అడుగులు, దగ్గరదగ్గరగా ఉంటే 4.5 చదరపు అడుగులు. రోడ్డు వెడల్పు 50 అడుగులు, జనం ఉన్న పొడవు 200 అడుగులు అనుకుంటే 10,000 చదరపు అడుగులు. పలుచగా ఉంటే వెయ్యి మంది, కిక్కిరిసి ఉంటే సుమారు 2,200. షామియానా కింద కూర్చున్న ధర్నా అయితే ఒక వరుస లెక్కపెట్టి వరుసలతో హెచ్చించండి. వచ్చిన అంకెకు "సుమారు" చేర్చి, ఎలా లెక్కేశారో కూడా చెబితే వాదనలు తగ్గుతాయి.

9. ముఖాలు, పేర్లు, పిల్లలు

ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీలు, అవుట్‌సోర్సింగ్ ఉద్యోగులు ధర్నాకు వస్తారు గానీ, టీవీలో కనపడితే మర్నాడు నోటీసు వస్తుందేమోనని భయపడతారు. గుంపు షాట్‌లో ఉండటం వేరు, ముఖం మీదికి జూమ్ చేయడం వేరు. బైట్‌కు ముందు "ఇది లైవ్ వెళ్తోంది, ముఖం కనపడొచ్చా?" అని అడగండి. వద్దంటే వెనక నుంచి, చేతుల మీద ఫ్రేమ్ పెట్టి మాట తీసుకోండి.

లైవ్‌లో ముఖం బ్లర్ చేయడం కుదరదనే అనుకోండి. కాబట్టి ఫ్రేమ్‌లోనే జాగ్రత్త పడాలి.

అసలు రాజీ లేనివి రెండు. లైంగిక దాడి బాధితురాలి పేరు, ముఖం, ఊరు, కుటుంబ సభ్యుల ద్వారా ఆమెను గుర్తుపట్టే వివరాలు చూపడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 కింద నేరం. బాధితులు పిల్లలైతే పోక్సో చట్టం సెక్షన్ 23 వర్తిస్తుంది. ఇలాంటి కేసుల్లో న్యాయం కోసం జరిగే ర్యాలీల్లో ఫ్లెక్సీల మీద బాధితురాలి ఫోటో వేసేస్తుంటారు. అది నిరసనకారుల తప్పే అయినా మీ ఛానల్‌లో వెళ్తే మీ తప్పు కూడా. తోడు మనిషి ముందే ఫ్లెక్సీలు చూసి డెస్క్‌కు చెప్పాలి.

10. లాఠీచార్జ్ మొదలైతే

వరుసగా ఇలా:

ఎ. తోడు భుజం తడతాడు. తట్టగానే కదలాలి. "ఒక్క నిమిషం" అనకూడదు.

బి. కెమెరా ఆపొద్దు, చూడటం మానేయండి. ఫోన్ ఛాతీకి ఆనించుకుని పక్క సందులోకి నడవండి. పరుగెత్తే గుంపుకు అడ్డంగా వెళ్లొద్దు, వాళ్లతో పాటు ఏటవాలుగా పక్కకు తప్పుకోండి.

సి. రిపోర్టర్ నోరు మూసుకోవాలి. ఊపిరాడని గొంతుతో చెప్పేది ఎవరికీ అర్థం కాదు. వ్యాఖ్యానం డెస్క్ తీసుకుంటుంది.

డి. డెస్క్ వైడ్ షాట్‌కు గానీ ఆపద్ధర్మానికి గానీ మారుతుంది. నెత్తురు, ఊపిరి పోతున్న మనిషి, ఒంటికి నిప్పు: ఇవి తెర మీదికి వెళ్లవు. రికార్డింగ్ మాత్రం నడుస్తూనే ఉంటుంది, అది తర్వాత సాక్ష్యం.

ఇ. చోటు కుదిరాక డెస్క్‌కు ఒక్క మాట: "ముగ్గురం బాగున్నాం." ఈ మాట వచ్చేదాకా డెస్క్ వేరే ప్రశ్న అడగదు.

టియర్ గ్యాస్ పేలితే గాలికి ఎదురుగా, వీలైతే ఎత్తు వైపు వెళ్లండి. కళ్లు నలపొద్దు. చల్లని మంచినీళ్లతో కడుక్కోండి. కింద పడ్డ షెల్ ముట్టుకోవద్దు, చేయి కాలుతుంది.

మీ ఎదుట ఎవరైనా ఒంటి మీద పెట్రోలు పోసుకుంటే మీరు అప్పటికి విలేకరి కారు. అగ్గిపెట్టె లాక్కోండి, పోలీసులను పిలవండి. అవతలి మనిషి కెమెరా వైపే చూస్తుంటే కెమెరా దించేయడమే కొన్నిసార్లు మొదటి సాయం.

11. లైన్ తెగితే

తెగుతుంది. అందుకని లారిక్స్ యాప్‌లో ఫోన్‌లోనే రికార్డయ్యే సెట్టింగ్ మొదటి నుంచీ ఆన్‌లో ఉండాలి.

- 30 సెకన్ల లోపు: ఆపద్ధర్మం సీన్. డెస్క్ గొంతుతో సారాంశం.
- రెండు నిమిషాలు దాటితే: రెండో సిమ్‌కు మారండి, బిట్‌రేట్ 1 ఎంబీపీఎస్‌కు దించండి.
- అదీ లేకపోతే: ఫోనో. మామూలు కాల్ చాలు.
- ఆ ప్రాంతంలో ఇంటర్నెట్టే ఆపేస్తే: రికార్డ్ చేసిన ఫైళ్లు మెమరీ కార్డులో వేసి బండి మీద పంపండి. వచ్చేవి లైవ్ కాదు కాబట్టి తెర మీద "రికార్డెడ్", తీసిన సమయం రెండూ ఉండాలి. ఉదయం దృశ్యాలను సాయంత్రం లైవ్ ముద్రతో నడపడం వల్ల గొడవలు పెరుగుతాయి.

12. పోలీసులు ఆపితే

బహిరంగ రోడ్డు మీద జరుగుతున్నదాన్ని తీయడం నేరం కాదు. కానీ విధులకు అడ్డుపడ్డారని న్యాయ సంహిత సెక్షన్ 221 పెట్టే వీలుంది. "వెనక్కి జరగండి" అంటే నాలుగడుగులు వెనక్కి జరిగి, తీయడం కొనసాగించండి. "సార్, ఇక్కడి నుంచి తీస్తాం" అని మర్యాదగా, మైకు ఆన్‌లో ఉండగానే చెప్పండి. చట్టం గురించి అక్కడ వాదించకండి.

వ్యాన్ ఎక్కిస్తే:

- ఎక్కేముందే డెస్క్‌కు, తోడుకు వినపడేలా స్టేషన్ పేరు అడగండి. సామూహిక అరెస్టుల్లో స్టేషన్‌కు కాకుండా ఏదో మైదానానికో ఫంక్షన్ హాలుకో తీసుకెళ్తుంటారు. ఎటు వెళ్తోందో చూడటానికి తోడు బండి మీద వెనక వెళ్లాలి.
- అరెస్టు అయితే కారణం చెప్పాలి, బంధువుకో మిత్రుడికో తెలియజేయాలి, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. ఈ మూడూ మీ హక్కులే.
- ఫోన్ తీసుకుంటే జప్తు రసీదు అడగండి. సురక్షా సంహిత సెక్షన్ 105 ప్రకారం సోదాను, జప్తును వీడియో తీయాలి. పాస్‌వర్డ్ అడిగితే లాయర్‌తో మాట్లాడి చెబుతానని చెప్పండి.
- వేలిముద్ర లాక్ బయలుదేరే ముందే తీసేసి అంకెల లాక్ పెట్టుకోండి. మీకు సమాచారం ఇచ్చినవాళ్ల చాట్లు లైవ్ ఫోన్‌లో ఉండనే కూడదు.

13. లైవ్ అయ్యాక

లైవ్ ముగియగానే రీప్లే అందరికీ కనపడకుండా అన్‌లిస్టెడ్‌లో పెట్టుకునే సెట్టింగ్ వాడండి. ఒకసారి మొత్తం చూసి, చూపకూడని ముఖం ఉంటే యూట్యూబ్ ఎడిటర్‌లోనే బ్లర్ చేసి అప్పుడు పబ్లిక్ చేయండి. 6 గంటలు దాటిన వీడియోను ఆ ఎడిటర్ తీసుకోదు. 12 గంటలు దాటిన లైవ్ రికార్డే సరిగా మిగలదు. రోజంతా సాగే దీక్ష అయితే నాలుగైదు గంటలకోసారి లైవ్ ముగించి కొత్తది మొదలుపెట్టండి.

థంబ్‌నెయిల్ మీద జరిగినదే రాయండి. తోపులాట జరిగితే "తోపులాట". "రణరంగం" అని పెట్టి లోపల ఇద్దరు కానిస్టేబుళ్లు బారికేడ్ సర్దుతున్న వీడియో పెడితే మర్నాడు మీ అసలు వార్తనూ నమ్మరు.

ఫోన్‌లోని అసలు ఫైలును పేరు కూడా మార్చకుండా రెండు చోట్ల కాపీ పెట్టుకోండి. వాట్సాప్‌లో పంపిన కాపీ అసలు కాదు. తర్వాత కోర్టు అడిగితే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ ఇవ్వాలి, అందులో ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే, దాని నుంచే లెక్కగట్టిన కోడ్) రాయాలి. కాపీ చేసిన రోజే హాష్ తీసి, తేదీ, పరికరం పేరుతో నోట్‌బుక్‌లో రాసుకుంటే ఆ రోజు వెతుక్కోనక్కర్లేదు.

తప్పు వెళ్లిందని తెలిస్తే వీడియో వివరణలో పైనే దిద్దుబాటు రాసి, తర్వాతి లైవ్‌లో నోటితో కూడా చెప్పండి. డిజిటల్ వార్తా సంస్థలకు 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఫిర్యాదుల అధికారి ఉండాలి, వచ్చిన ఫిర్యాదును 15 రోజుల్లో తేల్చాలి. మీ ఛానల్ అబౌట్ పేజీలో ఆ మనిషి పేరు, ఈమెయిల్ ఉన్నాయో లేదో ఈ రోజే చూసుకోండి.

బ్యాటరీలు, పవర్ బ్యాంకులు ఆ రాత్రే చార్జింగ్‌కు పెట్టండి. నిరసన రెండో రోజుకు పొడిగిస్తున్నామని ప్రకటించేది తరచూ రాత్రి తొమ్మిది తర్వాతే.